మీ క్రీమ్‌లో ఉన్న ఎమల్సిఫయర్ ఏదో కనుక్కుని, అది మీ చర్మానికి పడుతుందో లేదో చూస్కోవడం ఎలా

మీరు వాడే క్రీమ్ డబ్బా వెనకాల చిన్నక్షరాల లిస్ట్ చదవండి. మొదటి పేరు దాదాపు ఎప్పుడూ నీళ్లే, ఆక్వా అనో వాటర్ అనో ఉంటుంది. ఆ తర్వాత రెండు మూడు పేర్లలోనే ఏదో ఒక నూనె, లేకపోతే షియా బటర్, లేదంటే లిక్విడ్ పారాఫిన్ కనిపిస్తుంది. నీళ్లూ నూనే కలవవు కదా, మరి నెలల తరబడి డబ్బాలో విడిపోకుండా తెల్లగా మెత్తగా ఎలా ఉంటున్నాయి అంటే ఆ పని చేసేది ఎమల్సిఫయర్. ఈ మధ్య దీని చుట్టూ భయాలు బాగా పెరిగాయి, పెగ్ (పాలిఎథిలీన్ గ్లైకాల్‌కి పొట్టి పేరు) అని కనపడితే కాన్సర్ అంటారు, ఆల్కహాల్ అని ఉంటే చర్మం ఎండిపోతుంది అంటారు, పైన కెమికల్ ఫ్రీ అని రాసుంటే మాత్రం కళ్లు మూసుకుని కొనేస్తారు. నేను చెప్పేది ఒకటే, పేరు చూసి భయపడొద్దు, పేరు చూసి నమ్మొద్దు కూడా. మీ చర్మం ఇప్పుడు ఎలా ఉంది, ఆ క్రీమ్ చర్మం మీద ఎంతసేపు ఉంటుంది, అందులో ఉన్నది ఏ రకం ఎమల్సిఫయర్, ఈ మూడూ కలిపి చూస్తేనే సంగతి తేలుతుంది.

1. ముందు అది ఏం చేస్తుందో ఒకసారి కళ్లతో చూడండి

చిన్న గాజు సీసాలో సగం వరకు నీళ్లు, రెండు స్పూన్ల నూనె పోసి మూత బిగించి గట్టిగా కుదపండి. కాసేపు కలిసినట్టే ఉంటుంది, సీసా పక్కన పెట్టగానే నూనె చుక్కలు ఒకదాన్నొకటి కలుపుకుంటూ పెద్దవై పైకి తేలిపోతాయి. ఇప్పుడు అదే సీసాలో నానబెట్టి పిసికిన కుంకుడు రసం కొంచెం పోసి మళ్లీ కుదపండి, ఈసారి మొత్తం తెల్లబడుతుంది, త్వరగా విడిపోదు. కుంకుడులో ఉన్న సాపోనిన్ల పని అది. ఎమల్సిఫయర్ అణువుకి ఒక కొసకి నీళ్లంటే ఇష్టం, ఇంకో కొసకి నూనె అంటే ఇష్టం, అందుకని అది ప్రతి నూనె చుక్క చుట్టూ పొరలా చేరి పక్క చుక్కతో కలవనివ్వదు. చుక్కలు అంత చిన్నగా ఉండిపోయి వెలుతురుని చెదరగొడతాయి కాబట్టే క్రీములు తెల్లగా కనిపిస్తాయి.

నీళ్లలో నూనె చుక్కలు ఉంటే అది తేలికైన లోషన్, రాస్తే చల్లగా ఇంకిపోతుంది. నూనెలో నీటి చుక్కలు ఉంటే జిడ్డుగా, నీళ్లకి త్వరగా పోకుండా ఉంటుంది, కోల్డ్ క్రీములు చాలావరకు ఈ రకం. ఏ ఎమల్సిఫయర్ ఎటువైపు మొగ్గుతుందో చెప్పే హెచ్ఎల్‌బీ అనే లెక్కని 1949లో గ్రిఫిన్ అనే ఆయన ఇచ్చారు, 3 నుంచి 6 మధ్య ఉంటే నూనెలో నీళ్లు, 8 దాటితే నీళ్లలో నూనె, ఫార్ములా తయారుచేసేవాళ్లు ఇప్పటికీ దీంతోనే మొదలుపెడతారు.

2. అసలు మీ ప్రోడక్ట్‌లో ఎమల్సిఫయర్ ఉండే అవకాశం ఉందా చూడండి

అన్నిట్లోనూ ఉండదు. ఉత్త కొబ్బరినూనె, పెట్రోలియం జెల్లీ, నూనే మైనం మాత్రమే ఉన్న లిప్ బామ్ వీటికి అవసరం లేదు, ఎందుకంటే నీళ్లే లేవు. మందుల షాపులో ఒకే మందు క్రీమ్‌గా, ఆయింట్‌మెంట్‌గా రెండు రకాలుగా దొరుకుతుంది చూశారా, ఆయింట్‌మెంట్లలో మామూలుగా నీళ్లు ఉండవు, అందుకే ఎమల్సిఫయరూ, పాడవకుండా ఉంచే ప్రిజర్వేటివూ చాలావాటిలో అక్కర్లేదు. బాగా ఎండి పగిలిన చర్మానికి డాక్టర్లు ఆయింట్‌మెంట్ రాయడానికి ఇదీ ఒక కారణమే, కాబట్టి జిడ్డుగా ఉందని మీ అంతట మీరు దాన్ని క్రీమ్‌కి మార్చేయకండి.

ఇంకో చిన్న మాట, కాలమైన్ లోషన్ అడుగున పేరుకుంటే అది పాడైనట్టు కాదు, అది నీళ్లలో కరగని పొడి, ఊపి వాడుకోవాలి. రెండు రంగుల పొరలతో వచ్చే మేకప్ రిమూవర్ కూడా అంతే.

3. లేబుల్ మీద దాన్ని పట్టుకోండి

మన దేశంలో 1 శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలని ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి, 1 శాతం లోపువి ఆ తర్వాత ఏ వరసలో అయినా రాయొచ్చు. క్రీముల్లో ఎమల్సిఫయర్ మామూలుగా 2 నుంచి 6 శాతం దాకా ఉంటుంది కాబట్టి లిస్ట్‌లో పైనుంచి మూడో వంతులోనో సగంలోపో దొరుకుతుంది.

గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. పేరులో పెగ్ అని ఉండి పక్కన నంబర్ ఉంటే, ఉదాహరణకి పెగ్-100 స్టియరేట్, అదొక ఎమల్సిఫయర్. సెటియరెత్-20, స్టియరెత్-21 లాగా చివర ఎత్ అని వచ్చి నంబర్ ఉంటే అదీ అదే కుటుంబం. పాలిసార్బేట్ 20, 60, 80 కూడా ఇందులోవే. మన దగ్గర మెడికల్ షాపు క్రీముల్లో సెటోమాక్రోగోల్ అని ఎక్కువగా కనిపిస్తుంది, అది కూడా వీటి చుట్టమే. పెగ్ లేని రకాలు కావాలంటే గ్లిజరిల్ స్టియరేట్, సార్బిటాన్ ఒలివేట్, సెటియరిల్ గ్లూకోసైడ్, లెసిథిన్ ఇలాంటి పేర్లు వెతకండి. వానిషింగ్ క్రీముల్లో ఐతే స్టియరిక్ యాసిడ్, పక్కనే ట్రైఇథనోలమైన్ లేదా పొటాషియం హైడ్రాక్సైడ్ ఉంటాయి, ఆ రెండూ కలిసి క్రీమ్‌లోనే సబ్బుగా మారి ఎమల్సిఫయర్ పని చేస్తాయన్నమాట. జెల్ క్రీముల్లో అక్రిలేట్స్ అని మొదలయ్యి క్రాస్‌పాలిమర్ అని ముగిసే చాంతాడంత పేరు ఉంటుంది, దాన్ని చూసి హడలిపోతారు గానీ ఆ అణువు చాలా పెద్దది, చర్మంలోకి దిగడం కష్టం, సెన్సిటివ్ స్కిన్ వాళ్లకి అది నిజానికి మంచి ఎంపికే.

సెటైల్ ఆల్కహాల్, సెటియరిల్ ఆల్కహాల్ ఉన్నాయని డబ్బా వెనక్కి పెట్టేసేవాళ్లు చాలామంది. అవి శానిటైజర్‌లో ఉండే ఆల్కహాల్ కాదండి, తెల్లటి మైనం ముక్కల్లా ఉంటాయి, క్రీమ్‌కి చిక్కదనం ఇస్తూ ఎమల్సిఫయర్‌కి తోడుగా ఉంటాయి, చర్మాన్ని ఎండబెట్టవు. ఎవరికో అరుదుగా అలర్జీ వస్తుంది, అంతే.

4. రాసి ఉంచేదా, కడిగేసేదా అని విడగొట్టండి

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన స్టెప్ ఇదే. మన చర్మం పై పొరలో కణాల మధ్య సిరమైడ్లు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ యాసిడ్లు పేరుకుని ఒంట్లో నీరు బయటికి పోకుండా కాపాడతాయి. నూనెని నీళ్లలో కలపగలిగిన పదార్థం ఈ కొవ్వుల్ని కూడా కదిలించగలదు, ఎంత కదిలిస్తుందనేది దాని రకం మీద, ఎంతసేపు ఉంటుందనే దాని మీద ఆధారపడుతుంది. ఈ విషయంలో బాగా గట్టిది సోడియం లారిల్ సల్ఫేట్, చర్మం మంటని పరీక్షించే ల్యాబుల్లో కావాలని మంట పుట్టించడానికి వాడేది ఇదే.

దీనికి బ్రిటన్‌లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. అక్కడ ఆక్వియస్ క్రీమ్ అని చవకగా దొరికే తెల్లటి క్రీమ్ ఉండేది, ఎగ్జిమా (చర్మం ఎండి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు) ఉన్న పిల్లలకి దశాబ్దాలుగా అదే రాసేవారు. అందులో ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ ద్వారా దాదాపు 1 శాతం సోడియం లారిల్ సల్ఫేట్ ఉంటుంది. బాత్ యూనివర్సిటీ పరిశోధకులు దాన్ని ఏ జబ్బూ లేని వాళ్ల చర్మం మీద నాలుగు వారాలు రాయించి చూస్తే పై పొర పలచబడింది, చర్మం నుంచి నీరు పోవడం ఎక్కువైంది. తర్వాత 2013లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎంహెచ్ఆర్ఏ, ఈ క్రీమ్ ముఖ్యంగా ఎగ్జిమా ఉన్న పిల్లల్లో మంట, దురద, ఎర్రదనం తేవచ్చని హెచ్చరించింది. చర్మాన్ని బాగు చేయడానికి రాసిన క్రీమే దాన్ని గోకినట్టు చేసిందంటే ఆ పిల్లలు ఎంత బాధపడి ఉంటారో. యూకేలో ఉన్న మనవాళ్లు ఇంట్లో పాత డబ్బా ఉంటే ఒకసారి చూస్కోండి.

కాబట్టి రోజంతా ఒంటి మీద ఉండే మాయిశ్చరైజర్‌లో, అదీ పసిపిల్లలకైనా ఎగ్జిమా ఉన్నవాళ్లకైనా, సోడియం లారిల్ సల్ఫేట్ ఉంటే వద్దు. అదే నిమిషంలో కడిగేసే వాటిలో ఐతే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల చర్మం తట్టుకుంటుంది. ఇలాంటి పేరే ఉన్న సోడియం సెటియరిల్ సల్ఫేట్ దీనికంటే మృదువైనది, పేరులో సల్ఫేట్ ఉందని రెండిట్నీ ఒకే గాటన కట్టకండి.

5. పెగ్ భయం, ట్రైఇథనోలమైన్ భయం ఎంతవరకు నిజమో తూకం వేస్కోండి

పెగ్ రకాలని ఎథిలీన్ ఆక్సైడ్‌తో తయారుచేస్తారు. ఆ క్రమంలో 1,4-డయాక్సేన్ అనేది కొద్దిగా పుడుతుంది, దాన్ని ఎవరూ కలపరు కాబట్టి లేబుల్ మీద కనపడదు. దీన్ని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 2బి గుంపులో పెట్టింది, అంటే మనుషుల్లో కాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు అని. భయం ఊరికే పుట్టలేదు, కాకపోతే అసలు ప్రశ్న ఎంత మోతాదు అనేది. వాక్యూమ్‌లో పెట్టి దీన్ని తీసేసే పద్ధతి ఫ్యాక్టరీల్లో ఎప్పటినుంచో ఉంది, యూరప్ నిపుణుల కమిటీ 2015లో 10 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 10 పాళ్ల లోపు ఉంటే సురక్షితం అని చెప్పింది, న్యూయార్క్ రాష్ట్రం కాస్మెటిక్స్‌కి అదే 10 పీపీఎం పరిమితిని 2022 చివరి నుంచి చట్టంగా పెట్టింది. నా అభిప్రాయం ఏంటంటే, పేరున్న తయారీదారు నుంచి, లైసెన్స్ నంబరూ బ్యాచ్ నంబరూ ఉన్న డబ్బా ఐతే పెగ్ చూసి పారేయక్కర్లేదు. ఏ వివరమూ లేకుండా సంతలోనో, లూజుగానో అమ్మే క్రీమ్‌లో పెగ్ లేకపోయినా నేను కొనమని చెప్పను. ఒకటి మాత్రం పాటించండి, కాలిన చోట, తెగిన చోట, పచ్చి పుండు మీద మామూలు కాస్మెటిక్ క్రీమ్ ఏదీ రాయకండి, అక్కడ చర్మం అనే గోడ లేదు కాబట్టి అన్నీ లోపలికి వెళ్తాయి.

ట్రైఇథనోలమైన్ సంగతి కూడా ఇలాంటిదే, కొన్ని రకాల ప్రిజర్వేటివ్‌లతో కలిస్తే నైట్రోసమైన్లు అనే కాన్సర్ కలిగించగల పదార్థాలు పుట్టే ప్రమాదం ఉంది కాబట్టి యూరప్‌లో రాసి ఉంచే వాటిలో 2.5 శాతం మించకూడదని, అలాంటి వాటితో కలపకూడదని రూల్ ఉంది.

6. నేచురల్ అని రాసి ఉంటే ఆగి ఆలోచించండి

తలంటు రోజు కుంకుడు రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో మన ఇళ్లల్లో పెరిగిన ప్రతి ఒక్కరికీ తెలుసు. చెట్టు నుంచి వచ్చిందే, అయినా కళ్లు మండిపోతాయి. కాబట్టి మొక్క నుంచి వచ్చిందా ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్నది సురక్షితానికి కొలత కాదు. గొర్రె ఊలు నుంచి తీసే లానొలిన్ వేల ఏళ్లుగా వాడుకలో ఉంది, నూనెలో నీళ్లని బాగా పట్టి ఉంచుతుంది, చాలామందికి హాయిగా పడుతుంది కూడా, కానీ ఎగ్జిమా ఉన్నవాళ్లలో కొందరికి అలర్జీ తెస్తుంది, 2023లో అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దాన్నే ఆ ఏటి అలర్జెన్‌గా, అంటే అలర్జీ తెచ్చే పదార్థంగా ప్రకటించింది. చక్కెర, కొబ్బరి నుంచి తయారయ్యే గ్లూకోసైడ్లని అదే సొసైటీ 2017లో ఆ ఏటి అలర్జెన్‌గా ప్రకటించింది. డెసిల్ గ్లూకోసైడ్, లారిల్ గ్లూకోసైడ్ అని సల్ఫేట్ లేని షాంపూల్లో, బేబీ వాష్‌లలో కనిపిస్తాయి. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది, టినోసార్బ్ ఎం అనే సన్‌స్క్రీన్ ఫిల్టర్‌ని కలపడానికి కూడా డెసిల్ గ్లూకోసైడ్ వాడతారు, సన్‌స్క్రీన్ పడట్లేదు అనుకునేవాళ్లలో కొందరికి పడనిది ఫిల్టర్ కాదు, ఇదే.

అలాగని దురద రాగానే ఎమల్సిఫయర్ మీదే నింద వేయకండి. క్రీముల వల్ల వచ్చే అలర్జీల్లో ఎక్కువ భాగం సువాసనల వల్ల, ప్రిజర్వేటివ్‌ల వల్ల వస్తాయి, మిథైల్ఐసోథియాజోలినోన్ అనే ప్రిజర్వేటివ్ అందులో పేరుమోసింది. ముందు వాసన లేని క్రీమ్‌కి మారి చూడండి.

చుండ్రుకి, ఫంగల్ యాక్నే అని పిలిచే పొక్కులకి కారణమైన మలసీజియా అనే ఈస్ట్ సొంతంగా ఫ్యాటీ యాసిడ్లు తయారుచేసుకోలేదు, ల్యాబులో దాన్ని పెంచడానికి పాలిసార్బేట్లు ఆహారంగా వేస్తారు. దాన్ని పట్టుకుని పాలిసార్బేట్ ఉన్న ఏ క్రీమ్ అయినా పొక్కులు తెస్తుందని చెప్పలేం. డాక్టర్ మీకు అదే సమస్య అని తేల్చి చెప్పి, మందు వాడినా మళ్లీ మళ్లీ వస్తుంటే, రాసి ఉంచే వాటిలో మాత్రం వాటిని కొన్ని వారాలు తప్పించి చూడండి, కడిగేసే వాటి గురించి బుర్ర పాడుచేసుకోవద్దు.

7. ముఖానికి ముందు చేతి మీద పెట్టి చూడండి

ఒకసారి రాసి పది నిమిషాలు చూస్తే ఏమీ తెలియదు. మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత చోట రోజుకి రెండుసార్లు, కనీసం వారం, వీలైతే రెండు వారాలు రాయండి, ఆ చోటు మార్చకండి. రాసిన కాసేపటికే మంట, చుర్రుమనడం వచ్చి రాసిన మేర మాత్రమే ఎర్రబడితే అది ఇరిటేషన్ కావొచ్చు. ఒకటి రెండు రోజులు ఆగి దురదతో మొదలై, చిన్న చిన్న పొక్కులతో రాయని చోటికి కూడా పాకితే అలర్జీ అనుమానించాలి. ఇది క్రీములకీ లోషన్లకీ మాత్రమే, ఫేస్‌వాష్‌నో షాంపూనో ఇలా రాసి వదిలేయకూడదు, అది ఎవరికైనా మండుతుంది.

క్లెన్సింగ్ ఆయిల్, బామ్ వాడేవాళ్లకి ఇక్కడే ఒక మాట. వాటిలో ఎమల్సిఫయర్ నూనెలోనే ఉంటుంది, నీళ్లు తగిలాక పని మొదలుపెడుతుంది. అందుకని పొడి చేతులతో పొడి ముఖం మీద రుద్ది, మేకప్, సన్‌స్క్రీన్ కరిగాక, కొంచెం నీళ్లు చల్లుకుని తెల్లగా అయ్యేదాకా మళ్లీ రుద్ది, అప్పుడు బాగా కడగాలి. తడి ముఖం మీద రాస్తే సగం పని కూడా జరగదు.

8. విరిగిన క్రీమ్‌ని గుర్తుపట్టండి

రోహిణీ కార్తె ఎండల్లో బండి డిక్కీలోనో మూసిన కారులోనో సన్‌స్క్రీన్ వదిలేస్తే ఎమల్షన్ విరిగిపోవచ్చు. అమెరికా, కెనడాలో ఉన్నవాళ్లకి చలికాలంలో కారులో గడ్డకట్టి కరిగినా అదే జరుగుతుంది. నొక్కగానే ముందు నీళ్లు కారి తర్వాత ముద్ద రావడం, పైన నూనె తేలడం, రవ్వ రవ్వగా తగలడం, వాసన మారడం ఇవీ గుర్తులు. కలిపేసి వాడేద్దాం అనుకోకండి, ముఖ్యంగా సన్‌స్క్రీన్ ఐతే ఫిల్టర్ ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ అయిపోయి ఎస్‌పీఎఫ్ 50 అని రాసున్నా మీ బుగ్గ మీద ఎంత పడిందో చెప్పలేం. ప్రిజర్వేటివ్ కూడా అలాగే చెదిరిపోతుంది, ఇక బూజుకి అడ్డేముంది. పారేయండి.

9. ఇంట్లో చేసుకోవాలని ఉంటే ఇలా, లేకపోతే వద్దు

కలబంద గుజ్జు, కొబ్బరినూనె, రోజ్ వాటర్ మిక్సీలో వేసి క్రీమ్ అని చూపించే వీడియోలు చాలా ఉన్నాయి. మిక్సీ ఆగిన కాసేపు బాగానే ఉంటుంది, కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెడితే నిజంగా క్రీమ్‌లాగే కనిపిస్తుంది, బయట పెట్టగానే విడిపోతుంది. విడిపోవడం కంటే పెద్ద సమస్య, ప్రిజర్వేటివ్ లేని ఆ నీళ్లలో కొద్ది రోజుల్లోనే బ్యాక్టీరియా, బూజు పెరుగుతాయి, కంటికి కనపడకపోవచ్చు. తేనెమైనం వేస్తే కలిసిపోతుంది అనుకుంటారు, అది ఒంటరిగా ఎమల్సిఫయర్ పని చేయలేదు, పాత కోల్డ్ క్రీముల్లో దానికి బోరాక్స్ తోడు ఉండేది, బోరాక్స్ పిల్లల చర్మానికి అస్సలు వద్దు.

చేసి తీరాలి అనుకుంటే 100 గ్రాములకి లెక్క ఇది: డిస్టిల్డ్ వాటర్ 74, గ్లిజరిన్ 3, మీకు నచ్చిన నూనె 16, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ 6, ఫినాక్సీఇథనాల్ ఉన్న ప్రిజర్వేటివ్ 1. స్పూన్లతో కాదు, గ్రాముల కాటాతో తూయండి. వ్యాక్స్ కొనేటప్పుడు ఎన్ఎఫ్ (అమెరికా ప్రమాణం) రకం అడగండి, బీపీ (బ్రిటన్ ప్రమాణం) రకంలో సోడియం లారిల్ సల్ఫేట్ ఉంటుంది, బ్రిటన్ క్రీమ్‌లో ఉన్నది అదే. నీళ్లూ గ్లిజరిన్ ఒక గిన్నెలో, నూనే వ్యాక్స్ ఇంకో గిన్నెలో, రెండిట్నీ వేడినీళ్ల గిన్నెలో పెట్టి 70 నుంచి 75 డిగ్రీలకి తెచ్చి కలిపి హ్యాండ్ బ్లెండర్‌తో తిప్పండి. రెండూ ఒకే వేడిలో ఉండాలి, ఒకటి చల్లగా ఉంటే వ్యాక్స్ అక్కడికక్కడే గడ్డకట్టి రవ్వలు మిగులుతాయి. 40 డిగ్రీల కిందకి దిగాక ప్రిజర్వేటివ్ కలిపి, పీహెచ్ స్ట్రిప్‌తో 5, 5.5 మధ్య ఉందో లేదో చూడండి. ఇలా చేసింది మీ వరకు వాడుకోండి, పసిపిల్లలకి, పుండ్లకి, అమ్మకానికి వద్దు.

10. పడకపోతే

అన్నీ ఆపి కొన్ని రోజులు పెట్రోలియం జెల్లీ ఒక్కటే వాడండి. తగ్గకపోతే, లేదా కళ్లూ పెదవులూ వాచితే స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఊపిరి ఇబ్బంది ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే. వాడిన ట్యూబులన్నీ పట్టుకెళ్లండి, పేర్లు గుర్తుండవు. డాక్టర్‌కి అనుమానం ఉంటే ప్యాచ్ టెస్ట్ చేస్తారు, వీపు మీద చిన్న పట్టీలు అతికించి 48 గంటలు ఉంచి తీసి చూసి, ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, చెమట పట్టే పని చేయకూడదు, అర్జెంట్ కాకపోతే మే నెలలో కాకుండా చలికాలంలో చేయించుకుంటే నయం. పడని పదార్థం తేలాక దాని పూర్తి పేరు స్పెల్లింగ్‌తో సహా రాయించుకోండి, మందుల క్రీముల్లోనూ అవే ఎమల్సిఫయర్లు ఉంటాయి కాబట్టి తర్వాత ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, ఏ మందుల షాపుకి వెళ్లినా ముందు ఆ పేరు చూపించండి.